మూగప్రాణితో సహవాసము – అవసరమా? అనుబంధమా?

మానవుడు సంఘజీవి యని పెద్దలు చెప్పుదురు. ఆ సంఘమున మానవులు మాత్రమే లేరను సంగతిని అంతగా చెప్పరు. గాడియొద్ద ఎద్దు, గడపయొద్ద కుక్క, పొయ్యియొద్ద పిల్లి – ఇవి కూడ ఇంటి లెక్కలోనివే. ఇవి మాటలాడవు, తిన్నదానికి అప్పు తీర్చవు, ముసలితనమున యజమానిని పోషింపవు. పైగా మేత యడుగును, జబ్బుపడి ఖర్చు తెచ్చును, చచ్చునపుడు దుఃఖము మిగుల్చును. అయినను మానవుడు వేలయేండ్లనుండి వీనిని విడువలేదు. ఎందులకు? పని కొరకా, ప్రేమ కొరకా? ప్రేమయే యైనచో ఆ ప్రేమ ఎవరిమీదిది? ఆ జీవముమీదిదా, తనమీదిదా? సర్వప్రాణులయందును దయ చూపుటయే ధర్మమునకు ఆధారమని బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు ఈ ప్రశ్నను తప్పించుకొన వీలులేదు.

ఈ విచారమునకు నందికొట్కూరు తగిన చోటు. ఊరిపేరులోనే నంది కలదు. కర్నూలునుండి ఆత్మకూరు మీదుగా శ్రీశైలమునకు పోవు బాటమీదనున్న ఈ పట్టణము పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిలునుండి నంద్యాల జిల్లాలోనిది. ఏటేట ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు కాలినడకన ఈ సీమమీదుగానే మల్లికార్జునుని దర్శనమునకు సాగిపోవుదురు. ఒకవైపు శ్రీశైలము, మరియొకవైపు మహానంది, దూరమున యాగంటి బసవన్న. రాతినంది లేని శివాలయము ఈ సీమలో కానరాదు. నిన్నమొన్నటివరకు ఎద్దు లేని సేద్యగాని యిల్లును అరుదే. రాతినందికిని కొట్టములోని ఎద్దుకును నడుమనున్న సంబంధమేమో తెలిసినచో పై ప్రశ్నకు సగము సమాధానము దొరకును.

పనికొరకే మానవుడు పశువును చేరదీసెనను మాట కొంతవరకు నిజము. మెట్టపొలమున గుంటక తోలుటకు, గొర్రుతో విత్తనము వేయుటకు, బండి కట్టుటకు ఎద్దు లేక గడవదు. అయితే ఈ సీమలోని పాత మట్టిమిద్దెలను చూచినవారికి వేరొక సంగతి కూడ తోచును. అనేకమైన యిండ్లలో మనుష్యులకును పశువులకును తలవాకిలి యొక్కటే. లోపల అడుగుపెట్టగానే పల్లమున పశువులను కట్టు చోటు. ఒకటి రెండు మెట్లెక్కినచో మనుష్యులు పండుకొను చోటు. దొంగలభయము, ఎండ, వాన, స్థలము కొరత – ఇట్టి కారణములు చాల ఉండవచ్చును. కాని రాత్రి ఎద్దు నెమరువేయు చప్పుడును, మెడగంట కదలికయు వినుచు పెరిగిన పిల్లలకు అది పనిముట్టుగా తోచలేదు. ఇంటిలోని పెద్ద ప్రాణిగానే తోచినది.

ఈ సహవాసము నిన్నటిది కాదు. తుంగభద్రకు ఆవల, పాత మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరున 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పురావస్తు పండితుడు బూడిదకుప్పను త్రవ్వి పరిశీలించెను. నాలుగువేల యేండ్లకు పూర్వమే అచట మనుష్యులు కంచెలు నాటి పశువుల మందలను కాచిరని అందువలన తెలిసినది. పేడ కాలి బూడిదయైన ఆ పొరలలో పశువుల గిట్టల జాడలు కూడ నిలిచియున్నవి. అనంతపురము జిల్లా పాలవాయిలోను, బళ్లారి ప్రాంతమునను ఇట్టి కుప్పలు కలవు. గుడి వెలయుటకు, గ్రంథము పుట్టుటకు ఎంతో ముందే ఈ నేలమీద మనుష్యుని అడుగుప్రక్క గిట్టజాడ పడినది.

కాని పనియను ఒక్క కారణముతో ఈ బంధమంతయు వివరింపబడదు. జ్యేష్ఠమాసమున ఏరువాక పున్నమినాడు రైతు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, తాను తినుటకు ముందు వానికి పెట్టును. పనిచేయించుకొనుటకు ఇంత అవసరము లేదు. నేడు సేద్యగాండ్రు ట్రాక్టరుకు ఆయుధపూజనాడు నిమ్మకాయలు కట్టుదురు గాని, అది ఆకలిగొన్నదేమోయని నడిరేయి లేచి చూడరు. ఎద్దు సంగతి అట్టిది కాదు. అది మేత ముట్టనినాడు యజమానికిని ముద్ద దిగదు. అది చనిపోయిననాడు పొయ్యి వెలిగింపని యిండ్లు పల్లెలలో ఉండెడివి. ఉపయోగము పోయినందుకు కలుగునది నష్టము. తోడు పోయినందుకు కలుగునది దుఃఖము. ఈ రెండును ఒకటి కావు.

దూరదేశపు నిదర్శనము కూడ దీనినే బలపరచును. జర్మనీలో బాన్ నగరము చెంత ఓబర్‌కాసెల్ అను చోట 1914లో సుమారు 14,000 ఏండ్లనాటి సమాధి బయల్పడినది. అందు ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోకూడ ఒక కుక్కపిల్ల ఎముకలు కలవు. 2018లో దాని పండ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఆ పిల్లకు చిన్నతనముననే ప్రాణాంతకమైన రోగము సోకినదనియు, మనుష్యులు వెచ్చగానుంచి, నీరుపోసి, శుభ్రపరచి కాపాడనిచో అన్ని వారములు బ్రతికియుండెడిది కాదనియు తేల్చిరి. ఆ జబ్బుపిల్ల వేటకు పోలేదు, కావలి కాయలేదు. అడవిలో దొరికినది తిని బ్రతికిన ఆనాటి మనుష్యులు దానికి ఎందుకు సేవ చేసిరి? కాశ్మీరమున బుర్జహోములో నవశిలాయుగపు జనులు తమవారి సమాధులలో కుక్కలను కూడ పూడ్చియుండుట ఎందులకు? పనికి మించినదేదో ఆదినుండియు ఈ బంధమున కలదని ఒప్పుకొనక తప్పదు.

ఆ మించినది ఏమి? విచారించినచో మూడు సంగతులు కనబడును.

మొదటిది, మూగప్రాణియెదుట మనుష్యునికి వేషము అక్కరలేదు. యజమాని కులమేమో ఎద్దు ఎరుగదు. వాని అప్పు ఎంతయో కుక్క ఎరుగదు. ఊరివారు చిన్నచూపు చూచినవానిని సైతము వాని కుక్క తోక యాడించుచు ఎదుర్కొనును. తీర్పు చెప్పని సన్నిధి మనుష్యులలో దొరకుట కష్టము. కదళీవనమునకు పోయిన అక్కమహాదేవి తన స్వామి జాడను చిలుకలను, కోయిలలను, తుమ్మెదలను అడిగినట్లు ఆమె వచనములలో కలదు. లోకము నిందించిన భక్తురాలికి అడుగదగిన చుట్టములుగా పక్షులు కనబడుట ఆలోచింపదగినది.

రెండవది, మనుష్యుని శరీరమే ఈ సహవాసమునకు అలవడియున్నది. 2015లో జపాను శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలో కుక్కయు యజమానియు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొనునపుడు ఇరువురి దేహములలోను ఆక్సిటోసిన్ అను స్రావము పెరుగుచున్నదని తేలినది. తల్లికిని బిడ్డకును నడుమ వాత్సల్యమును పెంచు స్రావమును అదియే. బిడ్డలు హైదరాబాదునకో బెంగుళూరునకో పోగా, పల్లెమిద్దెలో ఒంటిగా మిగిలిన వృద్ధదంపతులు ఒక ఆవుదూడనో కుక్కపిల్లనో తెచ్చుకొనుట పిచ్చితనము కాదు. తెల్లవారగానే తమకొరకు ఎదురుచూచు ప్రాణి యొకటి యున్నదను తలపే వారిని మంచముమీదినుండి లేపును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మనుష్యునికి పుచ్చుకొను కోరిక ఎంత కలదో, ఇచ్చు కోరికయు అంత కలదు. కాని మనుష్యులకు ఇచ్చునపుడు లెక్క వచ్చును. నేను పెట్టితిని, వాడు మరచెను అను మాట వచ్చును. మూగప్రాణికి పెట్టినదానికి లెక్క నిలువదు. శరణులు దాసోహమని బోధించినది ఇట్టి లెక్కలేని యీవినే. కాయకముతో ఆర్జించిన దానిని తనదని భావింపక, పెట్టితినను గర్వము లేక సమర్పించుట దాసోహము. చంటిపిల్లవాడు తన రొట్టెముక్కను కుక్కపిల్లకు విరిచి పెట్టునపుడు ఆ పాఠమును ఎవరును చెప్పకయే నేర్చుకొనుచున్నాడు. మనుష్యుడు మూగప్రాణిని కోరి దగ్గర చేర్చుకొనుటకు లోతైన కారణము ఇదియే. ప్రతిఫలము లేని దయను దినదినము అభ్యసించుటకు దానివలన చోటు దొరకుచున్నది.

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఇది దయ కాదు, మమకారము మాత్రమే. తన ఒంటరితనమునకు మందుగా, తన గొప్పకు అలంకారముగా మనుష్యుడు జంతువును కట్టివేయుచున్నాడు అని కొందరు అనవచ్చును. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. పంజరములోని చిలుకను చూడుడు. దానిపై ప్రేమయున్నదని యజమాని చెప్పును. ఆ ప్రేమ దాని రెక్కలను అడుగలేదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ దేశపు రామచిలుకను ఇంట బంధించుట నేరము కూడ. జాతికుక్కయని వేలరూపాయలు పోసి కొని, అది పెరిగి పెద్దదై మొరిగినంతనే వీధిలో విడిచిపెట్టువారు పట్టణములలో కలరు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద శిక్షార్హము. రాయలసీమ తిరునాళ్లలో జరుగు బండలాగుడు పోటీలను గమనించుడు. పాలపండ్ల గిత్తలనుండి పెద్ద యెద్దులవరకు తరగతులు ఏర్పరచి, నిర్ణీత కాలములో ఎంతదూరము బండ లాగినవో కొలుతురు. సేద్యమునకు అక్కరలేకపోయినను ఈ పోటీలవలననే అనేకులు ఒంగోలుజాతి ఎద్దులను బిడ్డలవలె మేపుచున్నారు. అది మేలే. కాని పందెము దగ్గరపడినంతనే ములుగర్రకును దెబ్బకును పనిపెట్టినచో, మేపినది ఎద్దునా, తన పేరునా యని ఆ యజమానియే విచారించుకొనవలెను.

కావున సహవాసమునకు ఒక కొలత కావలెను. ఆ కొలతను బసవేశ్వరుడే చూపెను. రాతినాగునకు పాలుపోసి నిజమైన నాగు కనబడినంతనే కొట్టబోవు లోకరీతిని ఆయన ఒక వచనమున ఎత్తిచూపెను. నోరులేని ప్రతిమకు నైవేద్యము పెట్టి ఆకొన్నవానిని గెంటివేయు భక్తి భక్తి కాదని దాని తాత్పర్యము. ఆ మాటను నందికొట్కూరు సీమకు అన్వయించినచో ప్రశ్న ఇట్లుండును: రాతినంది చెవిలో కోరికలు చెప్పుకొనువారు కొట్టములోని ఎద్దు కన్నులలోనికి చూచుచున్నారా? బసవడు నందీశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. బసవ యను పేరే వృషభ శబ్దమునుండి వచ్చినది. అట్టి పేరును భక్తితో తలచువారికి ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును.

కొన్ని కుటుంబములలో వేరొక సందేహము కలదు. నిత్యము ఇష్టలింగపూజ జరుగు ఇంట కుక్కను చేర్చవచ్చునా యని వారు అడుగుదురు. లింగధారికి జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు లేవని శరణులు చాటిరి. మనుష్యునియందే మైలను అంగీకరింపని మతము మూగప్రాణియందు మైలను ఎట్లు కల్పింపగలదు? హావినహాళ కల్లయ్య కుక్కచేత వేదము చదివించెనను కథ వీరశైవ సంప్రదాయమున ప్రసిద్ధమైనదే. ఆ కథను చరిత్రగా గ్రహించినను, బోధగా గ్రహించినను, హీనమైన ప్రాణి లేదనుటయే అందలి సారము. శుచికి సంబంధించిన జాగ్రత్త వేరు. కుక్కపిల్లకు మూడవనెలలో, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువున పిచ్చికుక్కరోగపు టీకా వేయింపవలెను. ఏ కుక్క కరచినను గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పోయు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఇది మైల కాదు, ఆరోగ్యము.

ఆహారమును గురించిన చిక్కు దీనికంటె నిజమైనది. శాకాహారమే వ్రతముగా గల ఇంట మాంసాహారియైన జంతువును ఎట్లు పెంచవలెను? కుక్క మనుష్యునితో కలిసి బ్రతికి, వాని గంజిని మెతుకును అరిగించుకొను శక్తిని పొందినదని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కావున పశువైద్యుని సలహాతో పాలు, పప్పు, అన్నము, రొట్టె మొదలైనవాటితో దానిని పోషించుట సాధ్యమే. పిల్లి సంగతి అట్లు కాదు. మాంసమునందు దొరకు కొన్ని పదార్థములు లేనిచో దాని కన్నులును గుండెయు చెడును. తన వ్రతము కొరకు పిల్లిని బలహీనపరచుట దయ కాదు. దాని ఆహారమును దానికి పెట్టలేనివారు దానిని ఇంట పెంచుకొనకుండుటయే దయ. తోడు కోరువాడు ముందుగా ఆ ప్రాణి స్వభావమును అంగీకరింపవలెను. తన స్వభావమును దానికి తొడుగరాదు.

ఇక మిగిలినది కడపటి పరీక్ష. పశువు పనిచేయునంతకాలము ప్రేమకును ప్రయోజనమునకును భేదము తెలియదు. రెండును ఒకే గాడిలో మేత మేయుచుండును. పని ఆగిననాడే ఏది నిలిచినదో తెలియును. ఆ దినము నేడు దేశమంతట వచ్చినది. పశుగణన లెక్కల ప్రకారము 2012లో దేశమున ఎద్దులు, కోడెలు, మగదూడలు కలిసి సుమారు 6 కోట్ల 80 లక్షలు. 2019 నాటికి సుమారు 4 కోట్ల 70 లక్షలు. ఏడేండ్లలో రెండు కోట్లకు పైగా తగ్గినవి. ఆవులు మాత్రము ఆ కాలముననే పెరిగినవి, పాలిచ్చును కనుక. చట్టము సైతము ఉపయోగమునే కొలతగా గైకొన్నది. 1977నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టము ఆవును వధింపరాదన్నది. ఎద్దును మాత్రము సేద్యమునకు పనికిరాదని ధ్రువపత్రము పొందినచో వధింపవచ్చునన్నది. పదియేండ్లు కాడి మోసిన ప్రాణి బ్రతుకు ఒక కాగితముమీది మాటతో తేలిపోవును.

ఇందుకు రైతును నిందించుట సులభము, న్యాయము కాదు. కె.సి. కాలువనీరు పారు పొలములు కొన్నియే. మెట్టలో జొన్న తగ్గి పత్తి పెరిగినకొలది చొప్ప కరవైనది. వాన తప్పిన యేట తన పిల్లలకే గంజి చాలని సేద్యగాడు, పని లేని ఎద్దుకు మేత ఎచటినుండి తెచ్చును? పలుపు విప్పి సంతకు తోలుకొనిపోవునపుడు వాని కన్నులు చెమ్మగిల్లుట పల్లెలవారు ఎరుగనిది కాదు. దయ లేక కాదు, దారి లేక అమ్మినవాడు వాడు. వానికి ధర్మోపన్యాసము చేయుటకంటె వాని గాడిలో నాలుగు కట్టల చొప్ప వేయుట మేలు.

ఇక్కడనే ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాక సంఘముది యగుచున్నది. దాసోహము మఠములకు క్రొత్త కాదు. అన్నము పెట్టు చేయి మేత కూడ పెట్టవచ్చును. మాన్యము గల మఠము ఒక ఎకరములో మేతజొన్న విత్తినను, ఎండకాలమున వాకిట ఒక నీటితొట్టి నింపించినను, ముసలి ఎద్దును నిలుపుకొనదలచిన పేదరైతుకు వేసవి గడచువరకు మేత యిచ్చినను అది దాసోహమే. పుణ్యముకొరకు మఠమునకు గోదానము చేయువారు దానితోకూడ దాని జీవితకాలపు మేతకు వలసినది ఇచ్చుట న్యాయము. లేనిచో అది దానము కాదు, తన బరువును ఇతరుల తలకెత్తుట మాత్రమే. ఊళ్లలో శివరాత్రికి, బసవజయంతికి పోగుచేయు చందాలలో కొంతభాగము టీకాలకు, పశువైద్యమునకు కేటాయించినచో పండుగ తక్కువపడదు.

గృహస్థులకును ఒక నియమము అవసరము. జంతువును ఇంటికి తెచ్చుటకు ముందు దాని ఆయుర్దాయము తలచవలెను. కుక్క పదిపన్నెండేండ్లు బ్రతుకును; ఎద్దు ఇరువదియేండ్లవరకు బ్రతుకగలదు. అన్నియేండ్లు దానికి చోటు, మేత, మందు, మనసు ఇయ్యగలనా యని తన్ను తాను ప్రశ్నించుకొని, ఇయ్యగలనన్నవాడే తేవలెను. ఇయ్యలేనివాడు దూరమునుండి పిట్టలకు గింజలు చల్లినను, వీధికుక్కకు నీరు పెట్టినను చాలును. ముచ్చటకొరకు తెచ్చి మధ్యలో విడుచుటకంటె తేకుండుట నూరురెట్లు మంచిది.

మనుష్యుడు మూగప్రాణులతో ఎందులకు జీవింపగోరును అను ప్రశ్నకు సమాధానమిది. అవసరము వానిని కలిపినది, అనుబంధము నిలిపినది. ఆ అనుబంధము నిజమైనదో కాదో కొమ్ములకు రంగులు పూసిన పండుగనాడు తెలియదు. కాడి దించిన పిమ్మట, పండ్లరిగి చొప్ప నమలలేని ఎద్దుకు తవుడు తడిపి పెట్టిన సాయంకాలము తెలియును. గుడిలో నందికి దీపము పెట్టి వచ్చినవారు ఇల్లు చేరినంతనే కొట్టములోనికి తొంగిచూచి, మూగప్రాణి త్రాగెనా, తినెనా యని విచారించినచో ఆ దీపము సార్థకమగును.